ప్రింటర్ లోపలి ఫాంట్లకు సరైన మెట్రిక్ ఫైళ్లు జతచేయడం ఎలా? సమగ్ర మార్గదర్శి

పోర్టు పని మీద నడిచే మన విశాఖలో, ముందే గడులు అచ్చయిన ఫారాల మీద బరువులు, కంటైనర్ నంబర్లు, మొత్తాలు ప్రింట్ తీసే ఆఫీసులు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. పాత ప్రింటర్ పోయి కొత్తది రాగానే వినిపించే మాట ఒకటే: "గురూ, స్క్రీన్ మీద గడిలోనే ఉంది, కాగితం మీదకొచ్చేసరికి గీత దాటేస్తోంది." ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు డీటీపీ షాపుల్లో ఇదే జబ్బు ఇంకో రకంగా కనిపిస్తుంది. రెండు అంచులూ సమంగా రావాల్సిన పేరాలో కుడి అంచు ఎగుడుదిగుడుగా వస్తుంది, లేదా మాటల మధ్య ఖాళీ ఒక చోట మింగుడుపడి ఇంకో చోట తెరుచుకుంటుంది. వెంటనే మార్జిన్లు సర్దుతారు, ఫాంట్ సైజు అర పాయింటు తగ్గిస్తారు, డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తారు. ఫారం మారగానే కథ మొదటికొస్తుంది.

ఎక్కువసార్లు అసలు కారణం ఒకటే. పేజీ కట్టిన ప్రోగ్రాం నమ్మిన అక్షరాల వెడల్పులు వేరు, ప్రింటర్ లోపలున్న ఫాంటు వెడల్పులు వేరు. దీనికి మందు కూడా ఒకటే, ముందే చెప్పేస్తున్నాను: పేరు చూసి ఫైలు జతచేయకండి. ప్రింటర్‌నే అడిగి వెడల్పులు చెప్పించుకోండి, ఆ అంకెలకు సరిపడే ఫైలును ఎంచుకోండి. కింద రాసిందంతా ఆ పని ఎలా చెయ్యాలన్నదే.

ముందు కాస్త అవగాహన

ఫాంట్‌లో రెండు భాగాలుంటాయి. అక్షరం ఆకారం ఒకటి, దాని కొలతలు రెండోది. ప్రింటర్ మెమరీలోనే కాల్చి పెట్టిన ఫాంట్ల విషయంలో ఆకారం ప్రింటర్ దగ్గర ఉంటుంది, కంప్యూటర్‌కి కొలతలు మాత్రమే కావాలి. ఆ కొలతలున్నదే మెట్రిక్ ఫైలు. వరసలో ఎన్ని మాటలు పడతాయో, గడిలో అంకె కుడివైపుకి ఎక్కడ ఆగాలో కంప్యూటర్ ఈ ఫైలు చూసే లెక్క కడుతుంది. ఒకరి కొలతలు టైలర్ చేతికిచ్చి ఇంకొకరికి చొక్కా కుట్టించినట్టయితే ఏమవుతుందో, తప్పు మెట్రిక్ ఫైలుతో పేజీకి అదే అవుతుంది.

మీకు తగిలే ఫైళ్లు ముఖ్యంగా మూడు రకాలు. ఏఎఫ్ఎం అడోబీ వాళ్లది, మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. పీఎఫ్ఎం పాత విండోస్ కోసం చేసిన బైనరీ రూపం. టీఎఫ్ఎం టెక్ అనే పేజీ కూర్పు ప్రోగ్రాం వాడేది. ఇక్కడ ఒక జాగ్రత్త: హెచ్‌పీ వాళ్ల పాత ఆటోఫాంట్ ఫైళ్లకు కూడా టీఎఫ్ఎం అనే ఎక్స్‌టెన్షనే ఉంటుంది. రెండూ బొత్తిగా వేరు ఫైళ్లు, ఒకదాని చోట ఇంకోటి పనిచెయ్యదు.

ఏఎఫ్ఎంలో కొలతలన్నీ ఫాంటు సైజులో వెయ్యో వంతుల్లో ఉంటాయి. టైమ్స్-రోమన్ ఏఎఫ్ఎం తెరిస్తే ఇంగ్లీషు పెద్ద అక్షరం 'ఏ' ఉన్న వరసలో 722 అని ఉంటుంది. అంటే 10 పాయింట్ల సైజులో ఆ అక్షరం 7.22 పాయింట్ల చోటు తీసుకుంటుంది. కొరియర్‌లో ప్రతి అక్షరమూ 600. అందుకే 12 పాయింట్ల కొరియర్‌లో అక్షరానికి 7.2 పాయింట్లు, అంటే అంగుళంలో సరిగ్గా పదో వంతు. డాట్ మ్యాట్రిక్స్ మీద అంగుళానికి 10 అక్షరాలు కొట్టేలా కట్టిన పాత ఫారాన్ని లేజర్‌కి మార్చేటప్పుడు 12 పాయింట్ల కొరియర్ పెడితే చాలావరకు కుదిరిపోయేది ఇందుకే. అంగుళానికి 12 అక్షరాల ఫారమైతే 10 పాయింట్లు పెట్టండి.

మొదటి మెట్టు: ప్రింటర్ ఏ భాష మాట్లాడుతుందో చూడండి

అసలు మీ ప్రింటర్‌లో ఫాంట్లున్నాయా? చవక లేజర్లు చాలావాటిలో ఉండవు. కంప్యూటరే పేజీని బొమ్మగా చేసి పంపుతుంది, ప్రింటర్ దాన్ని కాగితం మీదకి ఎక్కిస్తుందంతే. అలాంటిదైతే ఈ వ్యాసంతో మీకు పనిలేదు, మీ తేడాకి కారణం ఇంకెక్కడో వెతకాలి.

అడోబీ వాళ్ల ప్రింటర్ భాష పోస్ట్‌స్క్రిప్ట్ ఉంటే పని సులువు, ఎందుకంటే ఆ భాషలో ప్రింటర్‌ని ప్రశ్న అడగొచ్చు. హెచ్‌పీ వాళ్ల భాష పీసీఎల్ ఒక్కటే ఉంటే అడగడం కుదరదు, ప్రింట్ తీసి స్కేలు పెట్టి కొలవాలి. చాలా ఆఫీసు ప్రింటర్లలో రెండూ ఉంటాయి. డ్రైవర్ ఏ భాషలో పంపుతోందో ప్రింటర్ల జాబితాలో పేరు పక్కన పీఎస్ అనో పీసీఎల్ అనో చూసి తెలుసుకోండి. ఒకే మెషీన్‌లో ఈ రెండు భాషలకీ ఫాంట్ల జాబితాలు వేర్వేరు.

రెండో మెట్టు: ఫాంట్ల జాబితా ప్రింట్ తీయండి

ప్రింటర్ ముందున్న ప్యానెల్‌లో రిపోర్టుల మెనూ ఉంటుంది. అందులో పీఎస్ ఫాంట్ లిస్ట్, పీసీఎల్ ఫాంట్ లిస్ట్ అనే రెండు ఉంటాయి. రెండూ తీసి, వెనక ప్రింటర్ మోడల్, తేదీ రాసి ఫైల్లో పెట్టండి.

జాబితా చదివేముందు కాస్త చరిత్ర తెలిస్తే పని తేలికవుతుంది. 1985లో వచ్చిన ఆపిల్ లేజర్‌రైటర్‌లో 13 ఫాంట్లుండేవి: టైమ్స్, హెల్వెటికా, కొరియర్ నాలుగేసి చొప్పున, పైన సింబల్ ఒకటి. మరుసటి ఏడు లేజర్‌రైటర్ ప్లస్‌తో ఆ సంఖ్య 35 అయింది. ఎవాంట్ గార్డ్, బుక్‌మన్, హెల్వెటికా న్యారో, న్యూ సెంచరీ స్కూల్‌బుక్, పాలటీనో నాలుగేసి, జాఫ్ ఛాన్సరీ, జాఫ్ డింగ్‌బ్యాట్స్ ఒక్కొక్కటి కలిశాయి. ఆ 35 ఫాంట్లే తర్వాత పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్లు చాలావాటికి కనీస జాబితాగా నిలిచిపోయాయి. 1997 నాటి పోస్ట్‌స్క్రిప్ట్ 3తో జాబితా 136కి పెరిగింది. మీ కాగితం మీద సుమారు 35 కనిపిస్తే పాత తరహా, 130 దాటితే కొత్త తరహా అనుకోవచ్చు.

జాబితాలో పేరుంది కాబట్టి ఫాంటు అడోబీదే అనుకోవద్దు. ఎన్నో కంపెనీలు అడోబీ దగ్గర లైసెన్స్ తీసుకోకుండా సొంతంగా పోస్ట్‌స్క్రిప్ట్ అర్థం చేసుకునే సాఫ్ట్‌వేర్ రాసుకున్నాయి. వాటిలో అవే పేర్లకు బదులు పలికే వేరే ఫాంట్లుంటాయి. మంచి తయారీదారులు వెడల్పులు అసలుతో కచ్చితంగా కలిపారు. అందరూ కలిపారో లేదో కొలిస్తేనే తెలుస్తుంది.

మూడో మెట్టు: పీపీడీ ఫైలు చదవండి

పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్‌తో పాటు పీపీడీ అనే టెక్స్ట్ ఫైలు వస్తుంది. అందులో ఫాంట్ అనే మాటతో మొదలయ్యే వరసలు వెతకండి. ప్రతి వరసలో ఫాంటు పేరు, ఎన్‌కోడింగ్ (ఏ నంబరుకి ఏ అక్షరమో చెప్పే పట్టిక), బ్రాకెట్లలో 001.007 లాంటి వెర్షన్, అది శాశ్వత మెమరీలో ఉందా లేదా అన్నది ఉంటాయి.

ఇక్కడున్న పేరును ఏఎఫ్ఎంలో ఫాంట్‌నేమ్ వరసతో పోల్చాలి. ఫుల్‌నేమ్, ఫ్యామిలీనేమ్ వరసలతో కాదు. ఫుల్‌నేమ్‌లో ఖాళీలుంటాయి, ఫాంట్‌నేమ్‌లో చిన్న అడ్డగీత ఉంటుంది, పెద్ద చిన్న అక్షరాల తేడా కూడా లెక్కలోకొస్తుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా ప్రింటర్ ఆ ఫాంటు తన దగ్గర లేదనుకుంటుంది, సాధారణంగా కొరియర్ పెట్టేస్తుంది.

వెర్షన్ అంకె కూడా చూడండి. ఇప్పుడు ఎక్కువగా దొరికే అడోబీ ఏఎఫ్ఎంలు 002.000 వెర్షన్‌వి, 315 అక్షరాలుంటాయి. పాత ప్రింటర్‌లోని ఫాంటుకు 228 అక్షరాలే. మామూలు ఇంగ్లీషు అక్షరాల వెడల్పులు రెండిట్లోనూ ఒకటే, కాబట్టి కొత్త ఏఎఫ్ఎం పెట్టినా వరసలు చెడవు. యూరో గుర్తు లాంటివి మాత్రం ఫైల్లో ఉంటాయి, ప్రింటర్‌లో ఉండవు. ఫైలు చోటు వదులుతుంది, ప్రింటర్ ఏమీ గీయదు.

నాలుగో మెట్టు: ప్రింటర్‌నే అడగండి

అసలు పని ఇదే. ఇంతవరకు చూసినవన్నీ కాగితం మీది మాటలు, ఇది ప్రింటర్ నోటి మాట.

నోట్‌ప్యాడ్‌లో కొత్త ఫైలు తెరవండి. మొదటి వరసలో శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం పక్కపక్కనే పెట్టండి. అది చూసే ప్రింటర్ వచ్చింది పోస్ట్‌స్క్రిప్ట్ అని గుర్తుపడుతుంది. కింద ఈ రెండు వరసలు రాయండి. ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చాను గానీ ఫైల్లో ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. ఆజ్ఞలన్నీ చిన్న అక్షరాల్లో, ఫాంటు పేరు మాత్రం జాబితాలో ఎలా ఉంటే అలా.

/టైమ్స్-రోమన్ ఫైండ్‌ఫాంట్ 1000 స్కేల్‌ఫాంట్ సెట్‌ఫాంట్
(ఏ) స్ట్రింగ్‌విడ్త్ పాప్ ==

ఫాంటును 1000 పాయింట్లకు పెంచి పెద్ద ఏ వెడల్పు అడుగుతున్నాం. సైజు 1000 కాబట్టి ఏఎఫ్ఎంలో ఉన్న అంకే నేరుగా వస్తుంది, భాగహారాలతో పనిలేదు. 722 వస్తే టైమ్స్ అని చెప్పినదాంట్లో నిజం ఉన్నట్టు.

ఈ ఫైలును ప్రింటర్‌కి పంపేటప్పుడు డ్రైవర్ మధ్యలో చెయ్యి పెట్టకూడదు. నెట్‌వర్క్ ప్రింటరైతే 9100 పోర్టుకి నేరుగా పంపండి. జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది. యూఎస్‌బీ ప్రింటరైతే విండోస్‌లో దాన్ని షేర్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ ఆజ్ఞకు బైనరీ గుర్తు తగిలించి ఆ షేర్ పేరుకి పంపండి. వెనక్కి జవాబు రాని దారిలో ఉన్నారా, అంకెను కాగితం మీదే రాయించుకోవచ్చు. రెండు ఈక్వల్ గుర్తుల బదులు ఇది పెట్టండి:

20 స్ట్రింగ్ సీవీఎస్ /కొరియర్ ఫైండ్‌ఫాంట్ 12 స్కేల్‌ఫాంట్ సెట్‌ఫాంట్ 72 700 మూవ్‌టు షో షోపేజ్

కొలత మాటగా మారి కాగితం పైభాగాన 12 పాయింట్ల కొరియర్‌లో అచ్చవుతుంది. కొలత బదులు మీరు రాసిన ఆజ్ఞలే అక్షరాలుగా అచ్చయితే, ప్రింటర్ వాటిని పీసీఎల్‌గా చదివిందన్నమాట. ప్యానెల్‌లో భాషను పోస్ట్‌స్క్రిప్ట్‌కి మార్చి మళ్లీ పంపండి.

ఒక్క అక్షరంతో తేల్చేయకండి. పెద్ద డబ్ల్యూ టైమ్స్-రోమన్‌లోనూ 944, హెల్వెటికాలోనూ 944. అంకెలు టైమ్స్-రోమన్‌లోనూ పాలటీనో-రోమన్‌లోనూ 500. అందుకే ఖాళీ, పెద్ద ఏ, చిన్న ఐ, చిన్న ఎం, సున్నా, ఈ ఐదూ అడగండి. రావాల్సిన అంకెలివి, ఇదే వరసలో:

టైమ్స్-రోమన్: 250, 722, 278, 778, 500
హెల్వెటికా: 278, 667, 222, 833, 556
పాలటీనో-రోమన్: 250, 778, 291, 883, 500
న్యూ సెంచరీ స్కూల్‌బుక్ రోమన్: 278, 722, 315, 889, 556
ఎవాంట్ గార్డ్ బుక్: 277, 740, 200, 938, 554
కొరియర్: అన్నీ 600

హెల్వెటికా న్యారోకి వేరే పట్టిక అక్కర్లేదు. అది హెల్వెటికానే అడ్డంగా 0.82కి నొక్కిన రూపం, కాబట్టి 667ని 0.82తో గుణిస్తే 547 వస్తుంది. ఆ ఫాంటు జాబితాలో లేని ప్రింటర్ మీద హెల్వెటికానే ఆ పాళ్లలో నొక్కి వాడుకోవచ్చు.

ఏ ఫాంటు అడిగినా అన్నిటికీ 600 వస్తోందంటే ఆ ఫాంటు అక్కడ లేదు, కొరియర్ వచ్చి కూర్చుంది. నిర్ధారించుకోవాలంటే ఫైండ్‌ఫాంట్ తర్వాత స్లాష్ పెట్టి ఫాంట్‌నేమ్ (ఏఎఫ్ఎంలో ఉన్నట్టే ఎఫ్, ఎన్ పెద్ద అక్షరాల్లో), ఆపైన గెట్, రెండు ఈక్వల్ గుర్తులు రాయండి. ప్రింటర్ నిజంగా తీసిన ఫాంటు పేరు చెబుతుంది. ఐదు అంకెల్లో ఏవో ఒకటి రెండు కాస్త తేడాగా వస్తే, అంటే 722 బదులు 725 లాంటిది వస్తే, అది అనుకరణ ఫాంటు. అడోబీ ఏఎఫ్ఎం దానికి సరిపోదు. తేడా దశాంశం తర్వాత మాత్రమే ఉంటే పట్టించుకోనక్కర్లేదు.

స్కేలు పెట్టి కొలిచే పద్ధతి

అంకెలు సరిపోయినా కాగితం మీద ఒకసారి కొలిచి తీరాలి. పీసీఎల్ వాళ్లకైతే ఇదొక్కటే దారి. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో విశాఖపట్నం అని 48 పాయింట్లలో ప్రింట్ తీయండి. మొత్తం 13 అక్షరాలు. టైమ్స్-రోమన్‌లో వాటి వెడల్పులు వరసగా: వి 722, ఐ 333, ఎస్ 556, ఏ 722, కే 722, హెచ్ 722, ఏ 722, పీ 556, ఏ 722, టీ 611, ఎన్ 722, ఏ 722, ఎం 889. కూడితే 8721. దాన్ని 48తో గుణించి వెయ్యితో భాగిస్తే 418.6 పాయింట్లు, అంటే 147.7 మి.మీ. ఇదే మాట హెల్వెటికాలో 8502, కాగితం మీద 144 మి.మీ. కొరియర్‌లో 7800, అంటే 132.1 మి.మీ. స్కూలు పిల్లల స్కేలుతోనే తేడా తెలిసిపోతుంది.

రెండు జాగ్రత్తలు. మొదటిది, సిరా అంచు నుంచి సిరా అంచు వరకు కొలిస్తే లెక్క తగ్గుతుంది, ఎందుకంటే ప్రతి అక్షరానికీ అటూ ఇటూ కాస్త ఖాళీ ఉంటుంది, అదీ వెడల్పులో భాగమే. పోస్ట్‌స్క్రిప్ట్‌లో మాట మొదలయ్యే చోట ఒక నిలువు గీత, షో అయ్యాక పెన్ను ఆగిన చోటే ఇంకో నిలువు గీత గీయించి, ఆ గీతల మధ్య కొలవండి. పీసీఎల్‌లో అయితే మాటకు ముందూ వెనకా నిలువు గీత అక్షరం కొట్టడం కంటే, మాటను ఒకసారి, రెండుసార్లు కలిపి ఒకసారి ప్రింట్ తీసి, రెండు కొలతల తేడా తీసుకోండి. ఆ తేడాలో అంచు ఖాళీల గొడవ ఉండదు. మాటను రెండుసార్లు రాసినప్పుడు 48 పాయింట్లలో పేజీ దాటుతుంది కాబట్టి 24 పాయింట్లకు దిగండి.

రెండోది మన ఊరికి బాగా పట్టే విషయం. కాగితం తేమ పీల్చి సాగుతుంది. సముద్రం పక్కన విప్పిన రీము వానాకాలంలో ఎలా ఉంటుందో ఇక్కడ ప్రింటర్ వాడే అందరికీ తెలుసు. అదే కాగితం లేజర్‌లో వేడి రోలర్ల మధ్య నుంచి వచ్చేసరికి తేమ పోయి కాస్త కుంచించుకుంటుంది. పైగా డ్రైవర్‌లో పేజీకి సరిపెట్టు అనే ఎంపిక ఆన్‌లో ఉంటే మొత్తం పేజీయే కొద్ది శాతం చిన్నదై వస్తుంది. ఇవి రెండూ మెట్రిక్ తప్పులా కనిపించి దారి తప్పిస్తాయి. అందుకే అదే పేజీలో 283.46 పాయింట్ల పొడవున ఒక అడ్డగీత గీయించండి. అది సరిగ్గా 100 మి.మీ. ఉండాలి. స్కేలు మీద 99.4 వస్తే, మాట కొలతను కూడా 0.994తో భాగించి అప్పుడు పోల్చండి. ఈ ఆనవాలు గీత లేని కొలతను నేను అసలు లెక్కలోకి తీసుకోను.

ఐదో మెట్టు: ఎన్‌కోడింగ్

వెడల్పులన్నీ కలిశాయి, అయినా తేదీలున్న గడి మాత్రం పొంగిపోతోంది. ఇది ఎన్‌కోడింగ్ పని. 45వ నంబరు స్థానంలో అడోబీ స్టాండర్డ్ ఎన్‌కోడింగ్‌లో హైఫన్ ఉంటుంది. పోస్ట్‌స్క్రిప్ట్ తనతో తెచ్చుకున్న ఐఎస్ఓ లాటిన్ 1 ఎన్‌కోడింగ్‌లో అదే స్థానంలో మైనస్ గుర్తు ఉంటుంది. టైమ్స్-రోమన్‌లో హైఫన్ వెడల్పు 333, మైనస్ 564. 12 పాయింట్లలో ఒక్కో అడ్డగీతకు దాదాపు 1 మి.మీ. తేడా, తేదీలో రెండు అడ్డగీతలుంటాయి కాబట్టి 2 మి.మీ. ఇన్‌వాయిస్ గడి దాటడానికి అది చాలు.

39, 96 స్థానాల్లోని కోట్ గుర్తులదీ ఇదే కథ. స్టాండర్డ్‌లో వంపు తిరిగిన కోట్లుంటాయి, మీరు టైప్ చేసింది నిలువు కోటు. కాబట్టి పేజీ కట్టే ప్రోగ్రాం ఏ ఎన్‌కోడింగ్ అనుకుంటోందో, డ్రైవర్ ఏది పంపుతోందో రెండూ ఒకటేనని చూసుకోండి. పీసీఎల్‌లో దీన్నే సింబల్ సెట్ అంటారు: రోమన్-8కి 8యు, ఐఎస్ఓ లాటిన్ 1కి 0ఎన్, పీసీ-8కి 10యు. ప్యానెల్‌లో ఒకటి, ప్రోగ్రాంలో ఇంకొకటి ఉంటే అక్షరాలే మారిపోతాయి, వెడల్పుల సంగతి తర్వాత.

కెర్నింగ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఏఎఫ్ఎం చివర అక్షరాల జంటల పట్టిక ఉంటుంది. టైమ్స్-రోమన్‌లో పెద్ద ఏ పక్కన పెద్ద వి వస్తే 135 దగ్గరకు జరపమని, హెల్వెటికాలో 70 అని ఉంటుంది. స్ట్రింగ్‌విడ్త్‌కి ఇది తెలియదు, ప్రింటర్ తనంత తాను కెర్నింగ్ చెయ్యదు, కంప్యూటరే జరిపి పంపాలి. కాబట్టి ప్రింటర్ చెప్పిన అంకెలను కెర్నింగ్ ఆపిన పేజీతోనే పోల్చండి.

ఆరో మెట్టు: ఫైలు ఎంచుకోవడం, పెట్టడం

కొలతలు పై పట్టికతో కలిస్తే అడోబీ ఏఎఫ్ఎంలే వాడండి. టెక్ లైవ్ అనే టెక్ ప్యాకేజీలో ఇవి వస్తాయి. పోస్ట్‌స్క్రిప్ట్ చదివే ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాంతో వచ్చే యూఆర్‌డబ్ల్యూ ఫాంట్లలో నింబస్ రోమన్ టైమ్స్‌కీ, నింబస్ సాన్స్ హెల్వెటికాకీ, నింబస్ మోనో కొరియర్‌కీ వెడల్పుల్లో సరిసమానం. 1996లో జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కింద విడుదలైనప్పటి నుంచి లినక్స్ వాళ్లందరికీ ఇవే ఆధారం. వాటి ఏఎఫ్ఎంలతో పేజీ కట్టి ప్రింటర్ ఫాంటుతో అచ్చు తీసినా వరసలు కలుస్తాయి. కెర్నింగ్ పట్టికలు మాత్రం వేరు, ఒక పని మధ్యలో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారితే పేరాలు కదులుతాయి.

విండోస్‌లో ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ వాడేవాళ్లకు అసలు ఫైలు వెతికే పనే ఉండకపోవచ్చు. ఏరియల్ వెడల్పులు హెల్వెటికాతో కలిసేలా చేశారు. ట్రూటైప్‌లో కొలత 2048 వంతుల్లో ఉంటుంది. ఏరియల్ పెద్ద ఏ 1366, దాన్ని 2048తో భాగిస్తే 0.667, అదే హెల్వెటికా 667. పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ ప్రాపర్టీస్‌లో డివైస్ సెట్టింగ్స్ తెరిస్తే ఫాంట్ సబ్‌స్టిట్యూషన్ టేబుల్ ఉంటుంది. ఏ ఫాంటు బదులు ప్రింటర్‌లోని ఏ ఫాంటు వాడాలో అక్కడ తేలుతుంది. నాలుగో మెట్టులో ప్రింటర్ అంకెలు కలవలేదా, ఆ ఫాంటుకు ఎదురుగా సబ్‌స్టిట్యూట్ చెయ్యొద్దు అని పెట్టండి. కంప్యూటర్‌లోని ఫాంటే ప్రింటర్‌కి వెళ్తుంది. కాస్త నెమ్మది, కానీ కొలత తప్పదు.

టెక్ వాడే విద్యార్థులు, ప్రొఫెసర్లు మ్యాప్ ఫైలు చూడాలి. డీవీఐపీఎస్ మ్యాప్‌లో ఫాంటు వరస చివర పీఎఫ్‌బీ ఫైలు పేరుంటే ఆ ఫాంటు పేజీతో పాటు వెళ్తుంది, లేకపోతే ప్రింటర్‌లోదే వాడుతుంది. ఈ రెండిటి మధ్య మారడానికి అప్‌డ్‌మ్యాప్ సెట్టింగుల్లో డీవీఐపీఎస్‌డౌన్‌లోడ్‌బేస్35 అనే ఎంపిక ఉంది. అనుమానంగా ఉంటే ఆన్‌లోనే ఉంచండి.

శాప్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ నడిచే ఆఫీసుల్లో ఫాంట్ల నిర్వహణ ఎస్ఈ73 లావాదేవీలో ఉంటుంది. ప్రింటర్ డివైస్ టైప్‌కి ఏఎఫ్ఎం కొలతలు అక్కడే తగిలించి ఉంటాయి. ప్రింటర్ మార్చి డివైస్ టైప్ పాతదే ఉంచేస్తే ఫారాలు కదిలేది అందుకే. ముందు అది చూడమని శాప్ నిర్వహణ చూసే మీ బేసిస్ వాళ్లకు చెప్పండి.

పీసీఎల్ వాళ్లకు

1990 నాటి లేజర్‌జెట్ 3 నుంచి పీసీఎల్ 5లో సైజు మార్చుకోగల ఫాంట్లు వచ్చాయి: సీజీ టైమ్స్, యూనివర్స్. 1992లో లేజర్‌జెట్ 4తో ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ కలిశాయి. సీజీ టైమ్స్ వేరు, టైమ్స్ న్యూ రోమన్ వేరు. యూనివర్స్ వేరు, ఏరియల్ వేరు. చూపుకి దగ్గరగా ఉంటాయి గానీ వెడల్పులు ఒకటి కావు. ఫాంట్ జాబితాలో ఒక్కో దాని పక్కన ఎంపిక కోడ్ ఉంటుంది, అందులో టైప్‌ఫేస్ నంబరు చూడండి: కొరియర్ 4099, సీజీ టైమ్స్ 4101, యూనివర్స్ 4148, ఏరియల్ 16602, టైమ్స్ న్యూ రోమన్ 16901. మీ ప్రోగ్రాం పంపే నంబరు 4101 అయ్యుండి, అది చూసే మెట్రిక్ టైమ్స్ న్యూ రోమన్‌ది అయితే జబ్బు దొరికినట్టే. మెట్రిక్ కోసం వెతకడం కంటే నంబరును 16901కి మార్చడం తేలిక, విండోస్‌లోని ఫాంటే కొలతగా సరిపోతుంది.

రూపాయి గుర్తు, తెలుగు

మన రూపాయి గుర్తు 2010లో వచ్చింది. అంతకుముందు తయారైన ప్రింటర్ ఫాంట్లలో అది ఉండే అవకాశమే లేదు, పోస్ట్‌స్క్రిప్ట్ 35 ఫాంట్లలో దానికి చోటు లేదు. స్క్రీన్ మీద ఏరియల్‌లో ఉన్న గుర్తు కాగితం మీద ఖాళీగానో డబ్బాగానో వస్తుంటే కారణం ఇదే. బిల్లుల్లో ఆ గుర్తు తప్పనిసరైతే సబ్‌స్టిట్యూషన్ ఆపి ఫాంటును పంపించండి. లేదా రూ. అని రాసుకోండి.

తెలుగుకైతే ఈ జతచేసే పనే వద్దు. ఫాంటును ఎప్పుడూ పేజీతోనే పంపాలి. పాత డీటీపీ తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలను దాచుకున్నాయి. ప్రింటర్ గనక తన ఫాంటు పెట్టేస్తే పెళ్లి కార్డు మీద అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు వస్తుంది. యూనికోడ్ తెలుగులో ఒత్తులు, గుణింతాలు కలిసి ఒక రూపం కావాలంటే కంప్యూటర్ వాటిని కూర్చాలి, అక్షరానికి ఒక వెడల్పు అనే లెక్క అక్కడ పనికిరాదు. ప్రెస్సుకి పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ఫాంట్ల పేజీ తెరిచి, ప్రతి పేరు పక్కనా ఎంబెడెడ్ అని ఉందో లేదో చూసుకోండి. ఇంగ్లీషు హెల్వెటికా, టైమ్స్ కూడా ఎంబెడ్ అయ్యే ఉండాలి. అవి అందరి దగ్గరా ఉంటాయిలే అని వదిలేసిన పాత పీడీఎఫ్‌లే ప్లేటు మీద వరస మారుస్తాయి.

చివరి పరీక్ష

అన్నీ అమర్చాక అసలు ఫారం మీద ప్రింట్ తీయకండి. తెల్ల కాగితం మీద తీసి, ఫారం మీద పెట్టి కిటికీ వెలుతురుకి ఎత్తి చూడండి. ప్రతి గడిలోనూ పట్టగలిగినంత పొడవైన అంకె వెయ్యండి: ఎనిమిది అంకెల మొత్తం, రెండు అడ్డగీతల తేదీ, పూర్తి కంటైనర్ నంబరు. గీతకు ఇవతల కనీసం 1 మి.మీ. మిగిలితే చాలు. ఆ కాగితాన్ని, ఫాంట్ జాబితాను, వాడిన మెట్రిక్ ఫైళ్ల కాపీని ఒకే కవర్లో పెట్టి ప్రింటర్ సీరియల్ నంబరు రాయండి. సర్వీసుకొచ్చినవాళ్లు ప్రింటర్ బోర్డు మార్చినా, ఫర్మ్‌వేర్ ఎక్కించినా, ఫారాల పని మొదలుపెట్టే ముందు ఐదు అక్షరాల ప్రశ్న మళ్లీ ఒకసారి అడిగి ఆ కవర్లోని అంకెలతో పోల్చుకోండి.